పరుల దయపై ప్రాణరక్షణమా?

ఎరువుసొమ్ము బరువుచేటని మన పెద్దలు చెప్పిన మాట 2025 సంవత్సరారంభమున హైదరాబాదు నగరమున ఋజువయ్యెను. ట్రాన్స్‌జెండరు జనులకై నారాయణగూడలో 2021లో వెలసిన మిత్ర్ వైద్యశాల, యట్టివానిలో దేశమునకే మొదటిది. హెచ్.ఐ.వి. పరీక్షయు, చికిత్సయు, నాలుగు మంచిమాటలును అచట లభించుచుండెను. అది నడచుచుండినది అమెరికా ధనముతో. అధ్యక్షుడు ట్రంపు జనవరి 20వ తేదీన విదేశసహాయమును నిలుపుచు చేవ్రాలు చేసెను. కొలది వారములలో వైద్యశాల మూతపడెను. వాషింగ్టనులో కలము కదలగా నారాయణగూడలో తాళము పడెను! పిదప స్వదేశ దాతల చేయూతతో వేరొక నామమున నది మరల తెరువబడుట సంతోషకరమే. కాని దాత మారినంతమాత్రమున పరాధీనత తీరునా?

ఇది నారాయణగూడ గొడవ, మనకేల యని దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు వాసులు తలపరాదు. విజయవాడ రహదారి నగరమున ప్రవేశించు ముఖద్వారము ఎల్.బి.నగరు కూడలి, రేయింబవళ్ళు లారీలును బస్సులును అచట సాగుచునే యుండును. జిల్లాలనుండి చదువులకును కొలువులకును వచ్చిన యువజనులతో దిల్‌సుఖ్‌నగరు హాస్టళ్ళు క్రిక్కిరిసియున్నవి. ఇల్లు విడిచి నెలలు గడపు డ్రైవరునకును, కన్నవారికి చెప్పుకొనజాలని యువకునకును గుట్టు కాపాడి, చీదరింపక పరీక్షచేయు చోటు కావలెను. దాత చేయి వెనుకకు తీసికొన్ననాడు ముందుగా మూతపడునది యట్టి చోటే.

కేంద్రప్రభుత్వ మేమియు చేయలేదని మేమనము. 2004 ఏప్రిల్ 1 నుండి ఉచితముగ ఔషధ మిచ్చుచున్నది. 2021 మొదలు 2026 మార్చి వరకు గల ప్రణాళికకు 15,471.94 కోట్ల రూపాయలు తన ఖజానానుండియే కేటాయించెను. కాని 2018 సెప్టెంబరు 10న అమలునకు వచ్చిన హెచ్.ఐ.వి. చట్టము కేంద్రమును మాత్రమే గాక రాష్ట్రప్రభుత్వములను గూడ బాధ్యులనుగా చేసినది. దేశపు సగటునకు రెట్టింపునకు పైగా ఈ వ్యాధి గల తెలంగాణము కేంద్రము వంకను, దాతల వంకను చూచుచు కూర్చుండుట యెట్లు తగును?

తమ నడవడి ఫలమును తామే యనుభవింతురు గాక యను నీతిమంతులు కొందరు గలరు. భర్తవలన వ్యాధి పొందిన యిల్లాలి నడవడి యేమి? తల్లిగర్భమున పొందిన పసికందు చేసిన పాపమేమి? నేడు పరీక్షకు వెచ్చింపని రూపాయి రేపు జీవితకాల చికిత్సయై ఖజానా తలుపు తట్టును.

2001లో సిప్లా సంస్థ, ఏటికి పదివేల డాలర్లకు పైబడిన చికిత్సను 350 డాలర్లకే యిత్తుమని ప్రకటించి లోకము నాశ్చర్యపరచెను. హైదరాబాదు కేంద్రముగ గల హెటెరో, అరబిందో సంస్థల మాత్రలు నేడు ఆఫ్రికాలో ప్రాణములు నిలుపుచున్నవి. ప్రపంచమునకు మందు పంపు నగరము తన బిడ్డల పరీక్షకై పరుల వాకిట నిలుచుటకన్న సిగ్గుచేటు గలదా?

2024 నాటికి ప్రపంచమున 4 కోట్ల 8 లక్షలమందికి ఈ వ్యాధి యుండగా, 3 కోట్ల 16 లక్షలమంది ఔషధముపై నున్నారు. ఔషధము ఆజీవనము; దాతల దయ వార్షికము. దీనిని నమ్ముకొనుట కుక్కతోక పట్టుకొని గోదావరి నీదుటయే.

కావున రాష్ట్ర బడ్జెటులో ఈ వ్యాధి నివారణమునకు ప్రత్యేకమగు పద్దు ఏటేట నుండవలెను. పరీక్షాస్థలములును, వీధివీధి తిరుగు కార్యకర్తల జీతములును దానినుండియే సాగవలెను. 2013 కంపెనీల చట్టము ననుసరించి పెద్ద కంపెనీలు వెచ్చింపవలసిన రెండు శాతపు లాభధనము తోడుగా నుండవచ్చును గాని పునాది కారాదు. విరాళము దయ, పద్దు హక్కు. ఓటునకై మీ గుమ్మమునకు వచ్చువానిని ఈ పద్దు ఎక్కడ నని అడుగుడు. అడుగని ప్రజకు అన్నమైనను దొరకదు, ఔషధము దొరకునా?