అవాంఛిత రోమాలు: సూదా, లేజరా?

ప్రశ్న: మా అమ్మాయికి 21 ఏళ్లు. రెండేళ్లుగా పై పెదవి మీద, గడ్డం కింద నల్లని వెంట్రుకలు వస్తున్నాయి. దారంతో తీయించినా మళ్లీ మొలుస్తున్నాయి. నలుగురిలోకి రావడానికే సిగ్గుపడుతోంది. ఐదు నెలల్లో పెళ్లి. లేజర్ మంచిదని కొందరు, కరెంటు సూది మంచిదని కొందరు అంటున్నారు. ఏది చేయించమంటారు?
- ఒక తల్లి, బాన్సువాడ

జవాబు: ముందు నేనొక ప్రశ్న అడుగుతాను. అమ్మాయికి బహిష్టు నెలనెలా సక్రమంగా వస్తోందా? రెండు మూడు నెలలకోసారి వస్తూ, ఒళ్లు పెరుగుతూ, మొటిమలు, మెడ వెనుక నలుపు కూడా ఉంటే పి.సి.ఓ.డి. అనే అండాశయాల జబ్బును అనుమానించాలి. అందులో పురుష హార్మోనులు ఎక్కువవుతాయి. రోమాలు దాని గుర్తు మాత్రమే. మూలాన్ని వదిలి రోమాలు తీయించడం కలుపును పైపైన కోయడమే. మీ ఊరి ఏరియా ఆసుపత్రిలో స్త్రీల వైద్యురాలికి చూపించండి. కొద్ది నెలల్లోనే రోమాలు విపరీతంగా పెరిగి, గొంతు కూడా మగగొంతులా మారితే బొత్తిగా ఆలస్యం చేయవద్దు. అరుదుగా అండాశయంలోనో, అడ్రినల్ గ్రంథిలోనో కంతి ఉండవచ్చు.

ఇక పద్ధతుల సంగతి.

కరెంటు సూది: 1875లో అమెరికాలో చార్లెస్ మిషెల్ అనే కంటి వైద్యుడు, కంట్లోకి తిరిగిన రెప్పవెంట్రుకలను తీయడానికి దీన్ని వాడాడు. ఒక్కొక్క వెంట్రుక కుదురులోకి సన్నని సూది దించి, కరెంటుతో మూలాన్ని చంపుతారు. అలా చచ్చిన కుదురు మళ్లీ మొలవదు. తెల్లవెంట్రుకకూ పనిచేస్తుంది. కాని నొప్పి ఉంటుంది, ఏడాది పైగా పట్టవచ్చు. చేయి తిరగనివారు చేస్తే మచ్చలు పడతాయి.

లేజర్: వెంట్రుకలోని నల్లరంగు కాంతిని పీల్చుకుని వేడెక్కి కుదురును మాడుస్తుంది. తెల్లవెంట్రుకకు పనిచేయదు. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, సుమారు 6 నుంచి 8 సార్లు చేయించాలి. రోమాలు బాగా తగ్గుతాయి గాని, ప్రకటనల్లో చెప్పినట్లు పూర్తిగా పోవు. మన చర్మంలోనూ ఆ రంగే ఉంది కనుక తగని యంత్రం వాడితే ముఖం కాలుతుంది. ఎన్.డి.యాగ్ రకం మన రంగుకు ఎక్కువ క్షేమం. హార్మోనుల తేడా ఉన్న కొందరిలో లేజర్ తర్వాత సన్నని నూగు ముదిరి వెంట్రుకలవడమూ కద్దు. అందుకే బ్యూటీ పార్లరుకు కాక చర్మవైద్యుని వద్దకు వెళ్లండి. 1920లలో అమెరికాలో నొప్పిలేని వైద్యమని నమ్మి ఎక్స్-రేలతో రోమాలు తీయించుకున్న స్త్రీలలో ఎందరికో తర్వాత చర్మం పాడైంది, కేన్సర్లూ వచ్చాయి.

మీ అమ్మాయి గడ్డం కింది నల్లని రోమాలకు లేజర్, మిగిలిపోయిన కొద్దిపాటి వాటికి సూది సరిపోతాయి. లేజర్‌కు నాలుగు వారాల ముందునుంచి దారం, వాక్సింగ్ మానాలి. కుదురే లేకపోతే లేజర్‌కు పని ఉండదు. అవసరమైతే షేవింగ్ చేసుకోవచ్చు. గొరిగితే ముదురుతాయన్నది అపోహ.

హార్మోను మాత్రల ఫలితం కనబడడానికి ఆరు నెలలు పడుతుంది. వాటిలో కొన్ని గర్భం వచ్చే అవకాశమున్నప్పుడు వాడకూడదు. కనుక పెళ్లి సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఇందులో అమ్మాయి తప్పేమీ లేదని ఆమెకు కూడా చెప్పండి.