పుష్కరాన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారు?

పుష్కరమనే అంటారు! ఇడ్లీని 'రైస్ కేక్' అంటే వినేవాళ్లకు ఇడ్లీ కళ్లముందు కనిపించదు. పుష్కరమూ అంతే. పేరును పేరులాగే ఉంచి, అదేమిటో వెంటనే చిన్న మాటల్లో చెప్పేస్తే సరి. 'పుష్కరం ఈజ్ ఎ రివర్ ఫెస్టివల్'... మొదటి వాక్యం ఇంతే.

గోదావరి పుష్కరాలు 2015 జులైలో జరిగాయి. ఆ లెక్కన తర్వాతివి 2027లో. విదేశాల నుంచి వచ్చే బంధువులు, తెలుగు అంతంతమాత్రంగా వచ్చే వాళ్ల పిల్లలు, ఇతర రాష్ట్రాల స్నేహితులు... వీళ్లందరికీ పండగ గురించి చెప్పాల్సి వస్తుంది. అందుకు నోరు తిరగని మాటలేం అక్కర్లేదు. తెలిసిన మాటల్నే కాస్త చూసి వాడుకోవాలి.

పన్నెండేళ్లకోసారి

'ట్వెల్వ్ ఇయర్స్ వన్స్ ఇట్ కమ్స్' అనేస్తుంటారు చాలామంది. తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేస్తే వచ్చే తంటా ఇది. 'ఇట్ కమ్స్ వన్స్ ఇన్ ట్వెల్వ్ ఇయర్స్' అనాలి. 'ఎవ్రీ ట్వెల్వ్ ఇయర్స్' అన్నా సరే.

పన్నెండేళ్లే ఎందుకని పిల్లలు అడక్క మానరు. బృహస్పతి అంటే 'జూపిటర్', రాశి అంటే 'జోడియాక్ సైన్'. జూపిటర్ సూర్యుణ్ని ఒకసారి చుట్టి రావడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది. అంటే ఒక్కో రాశిలో సుమారు ఏడాది. ఒక్కో రాశికీ ఒక్కో నది. సింహరాశిలోకి వస్తే గోదావరికి పుష్కరం, కన్యారాశిలోకి వస్తే కృష్ణకు. సింహం 'లియో', కన్య 'వర్గో'. కాబట్టి, 'వెన్ జూపిటర్ ఎంటర్స్ లియో, ఇట్ ఈజ్ ద గోదావరీస్ టర్న్'. ఇక్కడ 'టర్న్' అంటే మలుపు కాదు, వంతు. నది పేరుకు ముందు 'ద' మరచిపోకూడదు.

ఈతా? స్నానమా?

'ఐ టుక్ ఎ హోలీ డిప్' అనే మాట మన దేశంలోని ఇంగ్లిష్ పేపర్లలో తరచూ కనిపిస్తుంది. ఇక్కడివాళ్లకు అర్థమవుతుంది కూడా. అదే అమెరికాలో పుట్టిన మనవరాలితో ఒట్టి 'డిప్' అంటే, 'సరదాగా ఈతకొట్టావా అమ్మమ్మా?' అనొచ్చు. అక్కడ 'డిప్' అంటే ఎక్కువగా అదే. చిప్స్ నంజుకునే చట్నీలాంటిదాన్నీ 'డిప్' అనే అంటారు! అలాంటప్పుడు 'వి బేద్ ఇన్ ద రివర్ యాజ్ ఎ రిచువల్' అంటే గొడవ ఉండదు.

రేవును 'ఘాట్' అంటే చాలు. ఆ మాట ఇంగ్లిష్ నిఘంటువుల్లో ఎప్పుడో చేరిపోయింది. తెలియనివాళ్లకు 'స్టెప్స్ లీడింగ్ డౌన్ టు ద రివర్' అని చెప్పొచ్చు.

కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అలా వచ్చి కలిసే ఉపనది 'ట్రిబ్యూటరీ', కలిసే చోటు 'కాన్‌ఫ్లుయెన్స్'. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అనే పాయలుగా చీలుతుంది. అలా విడిపోయే పాయ 'డిస్ట్రిబ్యూటరీ'. డిస్ట్రిబ్యూట్ చేయడమంటే పంచడమేగా! అలా గుర్తుపెట్టుకుంటే రెండింటికీ తికమక ఉండదు.

'ద కరెంట్ ఈజ్ స్ట్రాంగ్ హియర్' అని ఎవరైనా అంటే పైనున్న తీగల వంక చూడకండి. నీటి ప్రవాహం కూడా 'కరెంటే'. అంటే అక్కడ వడి ఎక్కువగా ఉంది, దిగొద్దని అర్థం. పాచిపట్టిన మెట్టు 'స్లిప్పరీ', సుడిగుండం 'వర్ల్‌పూల్'. పిల్లలకు ఈ మూడూ ముందే నేర్పాలి.

పెద్దలు, పిండాలు

పుష్కరాలకు వెళ్లేవాళ్లలో చాలామంది గతించిన పెద్దలకు పిండప్రదానం చేస్తారు. ఈ సంగతి చెప్పేటప్పుడు 'ఎల్డర్స్' అనకూడదు. ఎల్డర్స్ అంటే ఎదురుగా ఉన్న పెద్దవాళ్లు. గతించిన తరాలవాళ్లు 'యాన్సెస్టర్స్'. ఒట్టి 'రైస్ బాల్స్' అంటే తినే పదార్థమనుకుంటారు. 'వి ఆఫర్డ్ రైస్ బాల్స్ ఇన్ మెమరీ ఆఫ్ యువర్ గ్రాండ్‌ఫాదర్' అనండి. 'ఆఫర్' అంటే షాపుల్లో తగ్గింపు ఒక్కటే కాదు, సమర్పించడం కూడా. ఇక 'ఇన్ మెమరీ ఆఫ్' అనే మూడు మాటలు చెవిన పడితే చాలు, తాతను ఫొటోలో తప్ప చూడని పిల్లలకు కూడా అదెందుకు చేస్తున్నారో తెలిసిపోతుంది.

పిల్లాడు కనిపించకపోతే

అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఇది. రేవుల దగ్గర సహాయక చర్యలకు వచ్చే కేంద్ర బలగాల్లో తెలుగు రానివాళ్లూ ఉంటారు. జనంలో పిల్లాడు తప్పిపోయినప్పుడు కంగారులో 'ఐ మిస్డ్ మై సన్' అంటే, వాడు దగ్గర లేక బెంగపెట్టుకున్నానని అర్థం. 'ఐ లాస్ట్ మై సన్' అంటే మరీ ప్రమాదం. కొడుకు చనిపోయాడని కూడా అనుకోవచ్చు. 'ఐ కాంట్ ఫైండ్ మై సన్' అనాలి. వెంటనే వయసు, చొక్కా రంగు, చివరిసారి చూసిన చోటు చెప్పాలి. 'హి ఈజ్ సిక్స్. హి ఈజ్ వేరింగ్ ఎ రెడ్ షర్ట్. ఐ లాస్ట్ సా హిమ్ నియర్ ద స్టెప్స్.' ఈ 'లాస్ట్'కు చివరిసారిగా అని అర్థం. వెళ్లేముందు ఇంట్లో అందరూ ఒకటికి రెండుసార్లు పైకి అనుకుంటే అవసరానికి నోటికొస్తుంది.

'స్టాంపీడ్' అనే ముందు

2015 జులై 14న, పుష్కరాల తొలిరోజే, రాజమహేంద్రవరంలోని పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా యాత్రికులు చనిపోయారు. ఆ సంగతి ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వస్తే చాలామంది నోట వచ్చే మాట 'స్టాంపీడ్'. స్పానిష్ నుంచి వచ్చిన ఈ మాటను మొదట్లో బెదిరి పరుగెత్తే పశువుల మందల గురించి వాడేవారు. జన సమూహాలను అధ్యయనం చేసే నిపుణులు చాలామంది దీన్ని ఇష్టపడరు. ఇలాంటి చోట్ల ఎక్కువమంది పరుగెత్తేవాళ్ల కాళ్లకింద పడి కాదు, కదలడానికే చోటులేని ఒత్తిడిలో ఊపిరాడక చనిపోతారని వాళ్లు చెబుతారు. అందుకే 'క్రౌడ్ క్రష్' అంటారు. స్టాంపీడ్ అంటే తప్పంతా జనానిదే అనిపిస్తుంది. క్రౌడ్ క్రష్ అంటే, అంతమందిని ఒకేచోటికి చేరనిచ్చింది ఎవరన్న ప్రశ్న మిగులుతుంది.

స్నానానికి వెళ్లి తిరిగిరానివాళ్ల గురించి చెప్పేటప్పుడు ఆ మాత్రం మాట చూసుకోవడం న్యాయం.