ప్రయోగశాల మన గడ్డ మీద, ఫలం ఎవరి గంపలో?

హైదరాబాద్‌ను మేమే కట్టామన్న పాట ఇంకా ఆగలేదు. 1969లో విన్నాం. 2009 డిసెంబర్ 9 తర్వాత ప్రతి టీవీ చర్చలోనూ విన్నాం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చాకా విన్నాం. 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు కూడా తీరిపోయింది. అయినా ఏదో ఒక మూల నుంచి అదే మాట: మేం రాకముందు అక్కడ రాళ్ళు రప్పలు తప్ప ఏమున్నాయని!

ఈ మాట అన్నవాళ్ళకు చార్మినార్‌ను చూపించడం మనకు అలవాటు. అది చాలదు. వాళ్ళను తార్నాక నుంచి హబ్సిగూడ దాకా నడిపించాలి. ఆ ఒక్క రోడ్డు మీదే ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ కనిపిస్తాయి. దేశంలో మరే నగరంలోనైనా ఇంత కొద్ది దూరంలో ఇన్ని పరిశోధనా సంస్థలు ఎన్ని చోట్ల ఉన్నాయో చెప్పమనాలి. నగరాన్ని ఔషధ రాజధాని చేసింది ఎవరి సూట్‌కేసుల్లో వచ్చిన పెట్టుబడో, ఎవరి పన్నుల సొమ్ముతో నిలబడ్డ ప్రయోగశాలో అక్కడే తేలిపోతుంది.

ముందు ఎవరు, తర్వాత ఎవరు?

ఇవాళ ఐఐసీటీ అంటున్న సంస్థ 1956 తర్వాత పుట్టింది కాదు. 1944లో హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా కేంద్రమే దాని మూలం. అంటే విశాలాంధ్ర కాగితాల మీదికి రాకముందే, దేశానికి స్వాతంత్య్రం రాకముందే, ఈ గడ్డ తన ఖజానాలోంచి ఖర్చు పెట్టి పరిశ్రమల కోసం పరిశోధన మొదలుపెట్టింది. డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ నాయకత్వంలో అది పెరిగింది. 1956లో కేంద్ర సంస్థ సీఎస్‌ఐఆర్ చేతికి వెళ్ళి ఆర్‌ఆర్‌ఎల్ అయింది, 1989లో ఐఐసీటీ అయింది. 1977లో దాని జీవరసాయన విభాగమే వేరుపడి, పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో సీసీఎంబీ అయింది. 1917లో ఫర్మానా వెలువడిన ఉస్మానియా అప్పటికే పక్కనే ఉంది. పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి తరలివచ్చింది. ఎన్‌జీఆర్‌ఐ 1961లో, ఈసీఐఎల్ 1967లో, ఇక్రిశాట్ 1972లో, మిధాని 1973లో వచ్చాయి. క్షిపణుల ల్యాబ్ డీఆర్‌డీఎల్, లోహాల ల్యాబ్ డీఎంఆర్‌ఎల్ 1960ల మొదట్లోనే ఇక్కడికి చేరాయి.

ఇవన్నీ ఇక్కడికే ఎందుకు వచ్చాయి? భూమి ఉంది. నీళ్ళున్నాయి. రైలు, విమానాశ్రయం ఉన్నాయి. విశ్వవిద్యాలయం ఉంది. ఇవన్నీ ఒక రాజధానీ నగరం శతాబ్దాల తరబడి కూడబెట్టుకున్న ఆస్తులు. ఎవరో వచ్చి దానంగా ఇచ్చినవి కావు.

ల్యాబ్ నుంచి లాభం దాకా

పరిశోధనా సంస్థ వల్ల రాష్ట్రానికి ఏం వస్తుందంటే, మన అధికారులు జీతాలు, భవనాలు లెక్కపెట్టి చెబుతారు. అది అతి చిన్న భాగం. అసలు సంపద గేటు దాటాక పుడుతుంది. మందుల పరిశ్రమనే చూడండి.

1970లో కొత్త పేటెంట్ చట్టం వచ్చింది. మందుకు కాదు, మందు తయారుచేసే పద్ధతికే పేటెంట్ అన్నది దాని సారం. అంటే వేరే పద్ధతిలో అదే మందును చేయగలిగినవాడికి తలుపు తెరుచుకుంది. పద్ధతి కనిపెట్టాలంటే రసాయన శాస్త్రవేత్తలు కావాలి. వాళ్ళు తార్నాకలో ఉన్నారు. పద్ధతిని టన్నుల్లోకి మార్చాలంటే ఫ్యాక్టరీ అనుభవం కావాలి. అది 1960లలో సోవియట్ సహాయంతో బాలానగర్ పక్కన కట్టిన ప్రభుత్వ రంగ ఐడీపీఎల్‌లో ఉంది. ఈ రెండూ కలిసిన చోటే హైదరాబాద్ బల్క్ డ్రగ్ పరిశ్రమ మొలిచింది. డాక్టర్ రెడ్డీస్‌ను 1984లో స్థాపించిన అంజిరెడ్డి పనిచేసింది ఐడీపీఎల్‌లోనే. ఆయన ఒక్కరే కాదు, అక్కడ పని నేర్చి బయటికొచ్చి కంపెనీలు పెట్టినవాళ్ళు, కంపెనీల్లో చేరినవాళ్ళు ఎందరో. 1990ల మొదట్లో ఎయిడ్స్ మందు జిడోవుడిన్‌ను చవకగా తయారుచేసే పద్ధతిని ఐఐసీటీ రూపొందిస్తే సిప్లా మార్కెట్లోకి తెచ్చింది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. దాని తొలి పరిశోధనకు చోటిచ్చినవి ఉస్మానియా, సీసీఎంబీ. ఆ టీకా వచ్చాక ధర ఎన్నో రెట్లు దిగివచ్చి సామాన్యుడి పిల్లకు అందింది. 2009లో ఆ కంపెనీ ఫ్రెంచి సంస్థ సనోఫి చేతికి వెళ్ళింది. చోటిచ్చిన ఉస్మానియా ఖాతాలో ఏం జమ అయిందని ఎవరైనా అడిగారా?

లోహం పనిలోనూ ఇదే కథ. 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చింది. అక్కడ అచ్చులు, పనిముట్లు చేయడం నేర్చిన పిల్లలు చుట్టుపక్కల షెడ్లలో లేతు మిషన్ల ముందు నిలబడ్డారు. హెచ్‌ఎంటీలో పనిచేసిన ఇంజనీర్లు 1970లో పెట్టిన ఎంటార్ అణువిద్యుత్ కేంద్రాలకు, అంతరిక్ష సంస్థకు విడిభాగాలు చేసే స్థాయికి ఎదిగింది. రాకెట్ ఎగిరినప్పుడు చప్పట్లు శ్రీహరికోటకు పడతాయి. బాలానగర్ షెడ్డులో మైక్రోమీటర్ పట్టుకున్న కార్మికుడి పేరు ఏ పత్రికలోనూ రాదు.

ప్రపంచమంతటా ఇదే సూత్రం. తైవాన్ 1973లో ఐటీఆర్‌ఐ అనే ప్రభుత్వ పరిశోధనా సంస్థను పెట్టింది. అందులోంచే 1980లో యూఎంసీ, 1987లో టీఎస్‌ఎంసీ పుట్టాయి. ఇవాళ ప్రపంచపు చిప్పులకు టీఎస్‌ఎంసీ పెద్ద దిక్కు. జర్మనీలో 1949లో మొదలైన ఫ్రౌన్‌హోఫర్ సంస్థకు ఖర్చులో సుమారు మూడో వంతు ప్రభుత్వాలు నేరుగా ఇస్తాయి, మిగతాది అది పరిశ్రమల నుంచి, ప్రాజెక్టుల నుంచి తెచ్చుకుంటుంది. ఆ ప్రభుత్వ వాటాలో కేంద్రంతో పాటు రాష్ట్రాల చెయ్యి కూడా ఉంటుంది. అందుకే వాటి కేంద్రాలు ఒక్క నగరంలో కుప్పపడలేదు, దేశమంతా పరుచుకున్నాయి. మన దేశం పరిశోధనకు ఖర్చు పెట్టేది స్థూల ఉత్పత్తిలో 0.64 శాతం దగ్గరే కొట్టుమిట్టాడుతోంది. చైనా 2 శాతం దాటి చాలా ఏళ్ళయింది. ఆ కొంచెం కూడా ప్రధానంగా ప్రభుత్వ సొమ్మే. అంటే ప్రజల సొమ్మే.

మనకు మిగిలింది

సొమ్మొకరిది, సోకొకరిది అంటే ఇదే. ప్రజల సొమ్ముతో పద్ధతి పుట్టింది, ప్రజల ఫ్యాక్టరీలో పని నేర్పారు. లాభం ప్రైవేటు ఖాతాలోకి వెళ్ళింది. ఐడీపీఎల్ మూలనపడింది. ఆల్విన్ పోయింది. మరి స్థానికుడికి ఏం దక్కింది?

కొలువుల సంగతి చూద్దాం. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికులకు రక్షణ ఇచ్చింది రాష్ట్ర ప్రభుత్వ కొలువుల్లోనే. ఆ రక్షణనే తుంగలో తొక్కితే 1985లో 610 జీవో ఇవ్వాల్సి వచ్చింది, ఆ జీవోను అమలు చేయకపోతే 2001లో గిర్‌గ్లానీ కమిషన్‌ను వేయాల్సి వచ్చింది. ఇక కేంద్ర సంస్థలకు ఆ ఉత్తర్వులే వర్తించవు. భూమి ఇచ్చిన ఊరికి ల్యాబ్ గేటు దగ్గర ఏ హక్కూ లేదు. ఇక్రిశాట్ సుమారు 3,400 ఎకరాల్లో ఉంది. ఆ భూమి ఒకప్పుడు ఎవరో ఒకరు దున్నుకున్నదే కదా!

నీళ్ళ సంగతి ఇంకా ఘోరం. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల మురుగు నక్కవాగును విషం చేసింది. 1990లోనే కేసు సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరిశోధన వెలువడింది. సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. శుద్ధి చేశాక వదిలిన నీళ్ళివి! ప్రపంచానికి చవక మందు, పటాన్‌చెరు రైతుకు మందు కలిసిన వాగు. ఇన్ని ల్యాబులున్న జిల్లాల నడుమ ఆ లెక్క తేల్చడానికి స్వీడన్ నుంచి రావాల్సి వచ్చిందంటే, మన సంస్థలు ఎవరి వైపు చూస్తున్నాయో అర్థం కావడం లేదా?

నల్లగొండ సంగతి అంతే. ఫ్లోరైడ్‌తో కాళ్ళు వంకరపోయిన పిల్లల గురించి 1970లలోనే పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు అంతర్జాతీయ పత్రికల్లో రాశారు. జబ్బు తెలిసింది, కారణం తెలిసింది. నల్లా నీళ్ళు ఊరూరికీ రావడానికి మాత్రం సొంత రాష్ట్రం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. జ్ఞానం ఉంటే చాలదు, దాన్ని ఊరికి మోసుకుపోయే రాజకీయం కావాలనడానికి ఇంతకు మించిన రుజువు ఏముంది?

ఆలేరు దగ్గర శారాజిపేటలో చింతకింది మల్లేశం తల్లి ఒక్కో చీరకు వేల సార్లు చెయ్యి ఆడించి ఆసు పోసేది. ఆమె భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన ఆ కొడుకు ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. కానీ క్షిపణికి దారి చూపే నగరానికి రెండు గంటల దూరంలో ఉన్న నేతగాళ్ళ భుజం నొప్పి ఒక్క ల్యాబ్ కంటికీ ఎందుకు కనిపించలేదు? దీపం కింద చీకటి అంటే ఇదే.

విజ్ఞానానికి ప్రాంతం ఉంటుందా అని కొందరు మేధావులు మనకు నీతులు చెబుతారు. ఉండదు. మేం ఎన్నడూ ఉందనలేదు. జహీర్ లక్నో నుంచి వచ్చారు, భార్గవ అజ్మీర్‌లో పుట్టారు, ఈసీఐఎల్‌ను కట్టిన ఏఎస్ రావు గోదావరి బిడ్డ. వాళ్ళకు ఈ గడ్డ చేతులెత్తి మొక్కుతుంది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, మార్టేరులో పుట్టిన వెయ్యిపది మన పొలాల్లో పండాయి. ఆ సాంబ మసూరికే ఎండాకు తెగులును తట్టుకునే గుణం చేర్చి 2008లో కొత్త రకంగా ఇచ్చింది హైదరాబాద్‌లోని వరి పరిశోధనా సంస్థ, సీసీఎంబీ. విత్తనానికి సరిహద్దు లేదు. విత్తనం పేరు చెప్పి భూమిని, కొలువును, నిధిని ఎత్తుకుపోయే పెత్తనానికే సరిహద్దు గీయాలన్నాం. గీశాం.

ఇప్పుడు మన వాళ్ళను అడగాలి

రాష్ట్రం వచ్చాక నేరం పక్కవాడి మీద తోసేస్తే కుదరదు. 2015లో రాజేంద్రనగర్ నుంచి ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం వచ్చింది. తెలంగాణ సోనా అని మనం గర్వంగా చెప్పుకునే వడ్లు అవే. అలాంటి విశ్వవిద్యాలయం భూముల్లోంచి 2024లో 100 ఎకరాలు తీసి హైకోర్టు భవనానికి ఇచ్చారు. విద్యార్థులు అడ్డంపడ్డా ఆగలేదు. 2025లో హెచ్‌సీయూ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వెళ్తే సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. జెండా రంగు మారింది, భూమి మీద కన్ను మారలేదు. రాష్ట్రం వచ్చిన పదేళ్ళలో విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకుల ఖాళీలు గుట్టపడ్డాయి, భర్తీ మాత్రం ఊసులేకుండా పోయింది. గైడే లేని ఉస్మానియాలో, కాకతీయలో విద్యార్థి ఎవరి దగ్గర పరిశోధన చేయాలి? టీ-హబ్, టీ-వర్క్స్ వచ్చాయి, మంచిదే. రెండూ నగరం పడమటి దిక్కునే. సిరిసిల్ల మరమగ్గానికి, ఖమ్మం మిర్చికి, రామగుండం బూడిదకు ల్యాబ్ ఏది? 2025 జనవరిలో నిజామాబాద్‌లో పసుపు బోర్డు మొదలైంది. బోర్డు పేరుతో పలక వేలాడితే రైతుకు ఒరిగేదేమీ లేదు, కమ్మర్‌పల్లి పసుపు పరిశోధనా కేంద్రానికి మనుషులు, పైసలు ఇస్తేనే ఆ బోర్డుకు అర్థం.

అందుకే మేం అడుగుతున్నాం. పరిశోధనా సంస్థల, విశ్వవిద్యాలయాల భూమి ఒక్క ఎకరం కూడా ఇకపై చెయ్యి మారొద్దు. ప్రజల సొమ్ముతో పుట్టిన పద్ధతి ఏ కంపెనీకి, ఎంతకు వెళ్ళిందో ఏటా లెక్క బయటపెట్టాలి. ఆ రాబడిలో వాటా విశ్వవిద్యాలయాలకు, కాలుష్యం మోసిన ఊళ్ళకు చేరాలి. కేంద్ర ల్యాబుల్లో స్థానిక విద్యార్థులకు ఫెలోషిప్‌లు, అప్రెంటిస్‌షిప్‌లు రాష్ట్రమే ఖర్చు భరించి ఇప్పించాలి. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ల్యాబ్ సిబ్బందిని పర్మనెంట్ చేయాలి. జిల్లా పంటకు, జిల్లా వృత్తికి తగిన పరిశోధనా కేంద్రం జిల్లాలోనే పెట్టాలి.

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా, సోదరీమణులారా! నీళ్ళు, నిధులు, నియామకాలన్నది మన పాత నినాదం. ఈ మూడూ ల్యాబ్ గేటు దగ్గరే కలుస్తాయి. వాగులో విషమెంతో చెప్పేది ల్యాబ్, ఖజానాకు సంపద తెచ్చేది ల్యాబ్, చదివిన బిడ్డకు కొలువిచ్చేది ల్యాబ్. సాగరహారాన్ని, సకల జనుల సమ్మెను చేసిన చేతులు ఆ గేటును తట్టలేవా? హైదరాబాద్‌ను ఎవరు కట్టారన్న వాదం 1944 దగ్గరే ముగిసింది. ఇప్పుడు తేలాల్సింది, అది ఎవరి కోసం పనిచేయాలన్నదే. ఆ తీర్పు ఇవ్వాల్సింది మనమే.

జై తెలంగాణ!