బండి ఆగింది... ఇంజిన్ ఆగలేదు!

సాయంత్రం షిఫ్టు మారే వేళ మైండ్‌స్పేస్ చుట్టుపక్కల రోడ్లను ఒకసారి గమనించండి. పక్కన బారులు తీరిన క్యాబులు, స్టాఫ్ బస్సులు. కదలవు, కానీ చాలావాటి ఇంజిన్లు నడుస్తూనే ఉంటాయి. లోపల డ్రైవరుకు ఏసీ, బయట ఫుట్‌పాత్ మీద మీకు పొగ.

‘ఇప్పుడన్నీ బీఎస్-6 బండ్లేగా?’ అంటారు. అన్నీ కాదు గానీ, ఆ ప్రమాణాలు వచ్చాక మార్పు పెద్దదే. 2020 ఏప్రిల్ 1 నుంచి డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి దిగింది. కొత్త డీజిల్ కారు కిలోమీటరుకు వదలదగ్గ మసి పరిమితి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కు, నైట్రోజన్ ఆక్సైడ్లది 250 నుంచి 80కి తగ్గింది. డీజిల్ పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది కాబట్టి ఈ తగ్గుదల చిన్న విషయం కాదు.

చిక్కల్లా మన ట్రాఫిక్‌తోనే. మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఫిల్టర్ అప్పుడప్పుడూ బాగా వేడెక్కి ఆ మసిని కాల్చేసుకోవాలి. అందుకు బండి కాసేపు ఆగకుండా, మంచి వేగంతో నడవాలి. ఓఆర్ఆర్ మీద ఇది జరుగుతుంది. బయోడైవర్సిటీ కూడలిలో నత్తనడకన జరగదు. నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టే యాడ్‌బ్లూ, అంటే యూరియా ద్రావణం ఉన్న బండ్లలోనూ అంతే. సైలెన్సర్‌లోకి వచ్చే పొగ వేడిగా లేకపోతే ఆ ఏర్పాటు సరిగా పనిచేయదు. నిలబెట్టి గంటసేపు ఇంజిన్ నడిపితే కొత్త బండి కూడా తన మంచితనం చూపలేదన్నమాట.

ఫిల్టర్ మూసుకుపోయి డాష్‌బోర్డు మీద లైటు వెలిగితే ‘తీసేద్దాం సార్, మైలేజీ పెరుగుతుంది’ అనే మెకానిక్‌లు ఉంటారు. ఒప్పుకోకండి. డీజిల్ బండ్లకు చేసే పీయూసీ పరీక్ష పొగ చిక్కదనాన్నే చూస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదు. ఆ సర్టిఫికెట్ ఉందని నిశ్చింతగా ఉండలేం.

అలాగని డ్రైవర్‌ను తిట్టడం నాకు న్యాయంగా తోచదు. మే నెల ఎండలో ఏసీ కట్టేసి కూర్చోమనడం మనకు తేలికే. ఆ పొగ రోజంతా పీల్చేది అతనే. అద్దాల భవనాలు కట్టినవాళ్లు అతనికి నీడ, ఫ్యాను, మంచినీళ్లు, టాయిలెట్ ఉన్న ఓ గది కట్టలేరా? ముందు అది ఇచ్చి, తర్వాత ‘ఆగిన బండి ఇంజిన్ ఆపాలి’ అని నిబంధన పెట్టాలి. ఈ వరుస తప్పితే ఎవరూ పాటించరు.

మీ ఆఫీసు ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కు ఈసారి ఫీడ్‌బ్యాక్ రాసేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. డ్రైవర్లు ఎక్కడ కూర్చుంటున్నారు? కొత్త కాంట్రాక్టులో ఎలక్ట్రిక్ క్యాబులు ఎన్ని? ఇక ఇంటి దగ్గర, ఉదయం గేటు ముందు ఇంజిన్ ఆపకుండా నిలబడే స్కూలు బస్సు గురించి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రేపే మాట్లాడండి. పిల్లల ముక్కులు సైలెన్సర్ ఎత్తుకు మనకన్నా దగ్గర.