పిల్ల దక్కితేనే మంద
నల్లగొండ, పాలమూరు గొల్ల కురుమలకు విజ్ఞప్తి



2019 పశుగణనలో తెలంగాణ గొర్రెలు దాదాపు 1 కోటి 90 లక్షలు. దేశంలో మొదటి స్థానం మనదే. 2017లో మొదలైన పథకం కింద యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు పంచారు. ఎవరికి వచ్చాయి, ఎవరికి రాలేదు అని ఇప్పటికీ కొట్లాడుతున్నాం. కొట్లాడాల్సిందే. అయితే పంచిన గొర్రెలు ముసలివైనాక మందలో మిగిలేది దక్కిన పిల్లలే. ఆ పిల్లల తిండి గురించి మన గొర్రెల పెంపకందారుల సొసైటీలు ఎన్నడైనా తీర్మానం చేశాయా?

మృగశిర వానలకు చూలు కట్టిన గొర్రె కార్తీకంలో ఈనుతుంది. తెల్లారి మంద మేతకు పోతే పిల్ల పొద్దంతా గంప కిందో దొడ్లోనో ఉంటుంది. ఆకలికి మన్ను తింటుంది, తడిసిన పెంటికలు నాకుతుంది. పొద్దుగూకి తల్లి రాగానే కడుపు పగిలేలా తాగుతుంది. పారుడు, ఉబ్బరం, చిటుక రోగం చాలాసార్లు ఈ దారినే వస్తాయి. చిటుక రోగం క్రిమి ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగుల్లోనూ ఉంటుంది. తిండి ఒక్కసారిగా ఎక్కువైతే పెరిగి విషం కక్కుతుంది. అందుకే మందలో అన్నిటికన్నా బొద్దుగా ఉన్న పిల్లే రాత్రికి రాత్రి చచ్చిపోతుంది. మనమేమో దిష్టి తగిలిందంటాం!

"మా తాతలు దాణా పెట్టిండ్రా?" అని అడిగేవాళ్లున్నారు. తాతల నాడు బంచరాయి ఉండె. ఇప్పుడు ఒకవైపు పత్తి, ఒకవైపు బత్తాయి తోటల కంచెలు, రోడ్డు పక్కనంతా ప్లాట్లు. మేతకు మైళ్లు నడిచి వచ్చిన తల్లికి పాలెక్కడివి?

రెండు వారాలు దాటిన పిల్ల ముందు చిటికెడు దాణా పెట్టండి. పుట్టినప్పుడు పిల్లకు నెమరేసే పొట్ట ఎదిగి ఉండదు, కొరికి తినడం మొదలుపెడితేనే అది ఎదుగుతుంది. వంద కిలోల దాణాకు మక్కలు 40, పల్లి చెక్క 30, తవుడు 27, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. రోజుకు 50 గ్రాములతో మొదలుపెట్టి మెల్లగా 100కు పెంచాలి. రెండు నెలలకు పిల్లకు అయిదు కిలోలు కూడా కాదు. ఒక్క పిల్ల చచ్చిన నష్టంతో పది పిల్లలకు దాణా వస్తుంది. దొడ్లో ఒక మూల పిల్ల మాత్రమే దూరే సందు వదిలి కంచె కట్టండి, లేకుంటే తల్లులే ఊడ్చేస్తాయి. అవిశ, సుబాబుల్ కొమ్మలు పిల్ల మూతికి అందేలా వేలాడదీయండి. రేషన్ బియ్యం, మిగిలిన అన్నం మాత్రం వద్దు, కడుపు పులుస్తుంది.

ఈనిన గంటలోపు జున్నుపాలు తాగించాలి. రెండున్నర కిలోల పిల్లకు మొదటి రోజు అర లీటరు దాకా అందాలి, ఒక్కసారి కాదు, నాలుగైదు మార్లు. ఒక రోజు గడిస్తే ఆ పాలలోని రక్షణ పేగులోంచి ఒంటికి పట్టదు. ఈ పని ఎక్కువగా ఇంటి దగ్గరుండే అక్కలదే. అయినా పశువైద్యంపై పెట్టే మీటింగులకు పిలిచేది మగవాళ్లనే.

పారుడు పట్టిన పిల్లకు పాలు ఆపకండి. కాచి చల్లార్చిన నీళ్లలో కొద్దిగా ఉప్పు, బెల్లం కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. తగ్గకపోతే, రక్తం పడితే పశువుల డాక్టరుకు చూపించండి, లేదా 1962కు ఫోన్ చేయండి. పెంటికల్లో బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దె పురుగుల ముక్కలు. నట్టల మందు బరువు చూసి డాక్టరు చెప్పినంతే. పోసేటప్పుడు తల మరీ పైకెత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక సొసైటీలు చేయాల్సింది. ఈత కాలానికి ముందే దాణా సరుకు టోకున కొని, కలిపించి, సభ్యులకు అసలు ధరకే ఇవ్వాలి. తొలకరికి ముందే మందకంతా చిటుక రోగం టీకా వేయించాలి. ఈనడానికి నెల ముందు తల్లులకు మళ్లీ వేస్తే జున్నుపాల ద్వారా పిల్లకూ రక్షణ అందుతుంది. ఆలస్యమైతే పశువైద్యశాల ముందు అందరం కలిసి నిలబడి అడగాలి. పంపిణీ కోసం చేసిన ధర్నాల్లో సగం పట్టుదల చాలు.

వచ్చే సొసైటీ మీటింగులో ఈ రెండు తీర్మానాలు పెట్టండి. అక్కలను కూడా పిలవండి.