వెన్నెల కాదు, వెన్నల



మొన్న నా పూర్వవిద్యార్థి కూతురు, డిగ్రీలో భౌతికశాస్త్రం చదువుతున్న పిల్ల, మా ఇంటికి వచ్చి "తాతా, వేక్‌ఫీల్డ్ అంటే తెలుగుల ఏమంటరు? కాలేజీల ఇంగ్లీషుల చెప్త గని, మా నాయినకెట్ల చెప్పాలె?" అని అడిగినది. ఆ నాయిన మా నస్పూరు బొగ్గుబాయిలో పనిచేసినవాడు. జీవితమంతా సంధులూ సమాసాలూ బోధించిన నాకు నోట మాట రాలేదు.

విషయమిది. పరమాణువుల నుండి ఎలక్ట్రాన్లు ఊడి, విడివిడిగా తిరిగే స్థితి ప్లాస్మా. అందులోకి తీవ్రమైన లేజరు స్పందాన్ని పంపితే తేలికైన ఎలక్ట్రాన్లు పక్కకు తొలగుతాయి. బరువైన అయాన్లు కదలవు. అవి వెనక్కు లాగగా ఎలక్ట్రాన్లు ఊగిసలాడి, స్పందం వెనుక ఒక అల లేస్తుంది, గోదావరిలో పడవ వెనుక లేచినట్లే. ఆ అలనెక్కిన ఎలక్ట్రాను అమితవేగం పొందుతుంది. తజీమా, డాసన్ అనువారు 1979లోనే ఈ ఊహ చేశారు. మామూలు యంత్రాల లోహపు గొట్టాలలో విద్యుత్ క్షేత్రం హద్దు మీరితే నిప్పురవ్వలు లేచి లోహం చెడుతుంది. ప్లాస్మాకు ఆ భయం లేదు. కాలిన బూడిదను మళ్ళీ కాల్చలేము కదా! అందుకే బర్కిలీలో 9 సెంటీమీటర్లలోనే 420 కోట్ల ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తిని సాధించి 2014లో ప్రకటించారు.

అంత దూరమెందుకు? మన హైదరాబాదు గోపనపల్లిలోని టాటా పరిశోధన సంస్థవారు 2024లో మరొక దారి చూపారు. వెంట్రుకకన్న సన్నని మిథనాల్ బిందువును మొదటి లేజరు స్పందంతో గుల్లచేసి, రెండవదానితో అందులో ప్లాస్మా అలలు పుట్టించారు. అల పుట్టే తీరు వేరైనా ఎలక్ట్రాన్లను తోసేది అలయే. 10 లక్షల ఎలక్ట్రాన్‌వోల్టుల స్థాయికి మామూలుగా కావలసిన లేజరు తీవ్రతలో నూరోవంతు చాలినది. ఇంత పని మన ముంగిట జరిగితే తెలుగులో నాలుగు వాక్యాలు చదివినవారెందరు?

తప్పు మా పండితులదే అంటాను. మమ్మల్నడిగితే "ప్లాస్మాతరంగానుగత విద్యుత్కణ త్వరణము" అని చేతులు దులుపుకుంటాము. బాయిలో దిగినవారు టబ్బునూ, సర్దారునూ, ఓవర్‌మన్‌నూ యథాతథంగా తీసుకొని, క్రియలు మాత్రం తమవి వాడుకున్నారు. లేజరు, ప్లాస్మా, ఎలక్ట్రాను అట్లే ఉండనిండు. కానీ అల మనకు తెలిసినదే, దానికి తెలుగు పేరుండవలదా?

వెన్ను, అల: ఉత్వసంధి చేసి "వెన్నల" అని వ్రాసి ఇచ్చాను. వెన్నంటు ఉండగా వెన్నల ఎందుకుండరాదని నా గర్వం.

పిల్ల చదివి, "వెన్నెల అని రాయబోయి తప్పు రాసిన్రా తాతా?" అన్నది. తరువాత తన నోటుపుస్తకంలో "వెంట వచ్చే అల" అని వ్రాసుకొని, నాయినకు చెప్పడానికి వెళ్ళిపోయినది.