దసరా సెలవు లెవరి సొత్తు?

విద్యాసంవత్సరము నడుమ సెలవు లేల యని ప్రశ్నించు తలిదండ్రులు నేడు మనలో పెరుగుచున్నారు. దసరాకు బడులు మూయుదు రనగానే, ఆ దినములలోను పాఠములు చెప్పు కళాశాల యెక్కడ నున్నదని వెదకువారు చదువురానివారు కారు, పట్టభద్రులే, ఉద్యోగస్థులే. వారితోడనే మా వాదము.

సెలవులలో తరగతులు నడుపరాదని మన రెండు రాష్ట్రముల ఇంటర్మీడియట్ బోర్డులును ప్రైవేటు కళాశాలలను పలుమారులు హెచ్చరించినవి. ఐనను పిల్లలను ఇండ్లకు పంపక వసతిగృహములలోనే యుంచి వల్లెవేయించు సంస్థలు లేకపోలేదు. దోషమంతయు యాజమాన్యములదే యని మనము తప్పించుకొనుట న్యాయము గాదు. కొనువారు లేనిదే అంగడి సాగునా?

సెలవు చదువునకు శత్రువని తలచుట మన పూర్వుల మతము గాదు. వేదాధ్యయనపరులకు అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు అనధ్యాయ దినములు. వీథిబడులలో దసరా వచ్చినదనగా, పిల్లలు విల్లంబులు చేతబట్టి, పంతులవెంట ఇల్లిల్లు తిరిగి, పద్యములు చదివి, పప్పుబెల్లములు పుచ్చుకొనెడివారు. పంతులకు దక్షిణ ముట్టెడిది. పిల్లవాడు నేర్చిన దేమో ఊరివారు కన్నులార చూచిన దినములవి.

పాశ్చాత్య శాస్త్రమును ఇందుకు విరుద్ధముగా లేదు. జర్మను పండితుడు ఎబ్బింగ్‌హౌస్ తనపై తానే పరీక్షలు జరుపుకొని 1885లో ప్రకటించిన గ్రంథమందు, ఒక్కపట్టున వల్లించుటకంటె దినములు విడిచి విడిచి వల్లించుట మేలని నిరూపించెను. భుజించిన యన్నము జీర్ణమగుటకు వ్యవధి యెట్లు వలయునో, చదివినది మనస్సున నాటుకొనుటకును అట్లే వలయును.

పాఠములు ముగియవని కొంద రందురు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఐదవ తరగతి వరకు ఏడాదికి 200, ఆరు మొదలు ఎనిమిది వరకు 220 పనిదినములను కనీసముగా విధించినది. పై తరగతుల పాఠప్రణాళికయు సెలవులు తీసివేసిన పిదపనే దినములకు పంచబడును. కావున సెలవు పాఠముల కాలమును హరించుట లేదు. పాఠములే సెలవును హరించుచున్నవి.

పొరుగువారి పిల్లవాడు ముందునకు పోవునని మరికొందరి భయము. ఆ పొరుగువారికిని మన పిల్లవానిని గూర్చి అదే భయము! ఇరువురును భయపడి చెల్లించిన రుసుము మాత్రము కళాశాలకు చేరును. సెలవిచ్చిన ఫోను విడువరనునది వేరొక యాక్షేపణ. ఇంట మాటాడువారు లేనప్పుడు పిల్లవాడు ఫోనుతోగాక మరెవరితో మాటాడును?

ఇంటికి దూరమై చదువు బాలునికి అవ్వ ఆరోగ్యము, తండ్రి అప్పు, పొలములోని పంట, తమ్ముని యల్లరి తెలియవలదా? ఇవి పరీక్షలలో రావు గాని బ్రదుకున వచ్చును. ఈ జ్ఞానము నొసగుటయే నడిమి సెలవుల ముఖ్య ప్రయోజనమని మా నిశ్చయము. కుమారునకు విశ్రాంతి నిచ్చి, కుమార్తెకు వంటయిల్లు అప్పగించు గృహములందు మాత్రము ఆ ప్రయోజనము సగమే నెరవేరును. అదియు మానవలసిన దురాచారమే.

కావున చదువరులారా, రాబోవు దసరాకు మీ బిడ్డలను ఇంటికి రప్పింపుడు. పంపమని కళాశాలవారన్నచో బోర్డువారి యుత్తర్వు చూపి యడుగుడు. వచ్చిన బిడ్డను మొదటి దినముననే మార్కు లడుగకుడు, ఆకలి యడుగుడు.